మూడోసారి మెల్లగా

ఫిబ్రవరి 6

అన్యాయం జరిగింది. చేసినవాడు పెద్దన్న, సొంత అన్న కాదు. ఇది నా డైరీ, ఇక్కడ మర్యాదలు అక్కర్లేదు. వాడు అనే రాస్తాను.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగులను నంబరు వారీగా పిలవడానికి మా అక్క చేసిన మిషన్‌లోంచి గొంతు తీసేశాడు. ఇక తెర మీద అంకె వెలుగుతుందట, అంతే. చదువొచ్చినవాడికి తెలుస్తుంది, చూపున్నవాడికి తెలుస్తుంది. మిగతావాళ్లు? "మిగతాది ఫేజ్ టూలో చూద్దాం చెల్లెమ్మా" అన్నాడు అక్కతో. మా ఆఫీసులో, మా కుర్చీలో కూర్చుని, మేమిచ్చిన టీ తాగుతూ, నవ్వుతూ అన్నాడు.

ఫేజ్ టూ అంటే ఎప్పటికీ రాదని నాకు తెలియదా!

కలం కాగితంలోకి దిగబడుతోంది. రాసింది నాకే అర్థం కావడం లేదు. మిగతాది రేపు.

ఫిబ్రవరి 7

జరిగింది వరసగా రాసుకుంటే కోపం పదునెక్కుతుందని ఒక కరపత్రంలో చదివాను. అందుకని రాస్తున్నాను.

అక్క కంపెనీ అంటే బట్టల కొట్టు మీద రెండు గదులు, అక్కతో కలిపి ఐదుగురం. వైర్లు లాగడం, స్పీకర్లు బిగించడం నా పని. అక్క చేసిన మిషన్ కంటి ఆసుపత్రిలో చాలాకాలంగా నడుస్తోంది. అందులో గొంతు మా అమ్మది. బడిలో జీవితమంతా హాజరు పిలిచిన మనిషి. బీరువా ముందు దుప్పట్లు వేలాడదీసి, ఫ్యాను ఆపేసి, ఒకటి మొదలు అన్ని నంబర్లూ ఆమెతో చదివించాం. చెమటలు కారుతున్నా ఆపలేదు. "నూట పదకొండు దగ్గర గొంతు జీరపోయింది. మళ్లీ చదువుతాను" అని అంత చదివాకా మళ్లీ మొదలెట్టింది.

క్లాసులో పిల్లలు పలక్కపోతే అమ్మ మూడుసార్లు పిలిచేదట. ఒకసారి మామూలుగా, రెండోసారి గట్టిగా, మూడోసారి మెల్లగా. మూడోసారి ఎందుకు మెల్లగా అని అక్క అడిగింది. "రెండుసార్లు పిలిచినా పలకలేదంటే వాడికి వినపడక కాదు, బెదిరిపోయి ఉంటాడు" అంది అమ్మ. అక్క మిషన్‌ని అచ్చం అలాగే తయారుచేసింది. మూడు పిలుపులూ అయ్యేదాకా నంబరు ముందుకు కదలదు.

తర్వాత ప్రభుత్వం పెద్దాసుపత్రులన్నిటికీ ఇలాంటి మిషన్లు కావాలని టెండరు పిలిచింది. ఇంత టర్నోవరు ఉండాలని షరతు పెట్టింది. మాకు ఎక్కడుంది? అందుకని చిన్న కంపెనీలు మూడు కలిసి జాయింట్ వెంచర్‌గా టెండరు వేయొచ్చన్న దారి పట్టుకున్నాం. అనుభవం మాది, టర్నోవరు పెద్దన్నది, తెరలు తెరలాయనవి. (ఆయన్ని ఎదురుగా కూడా తెరలాయన అనే పిలుస్తాం. ఏమీ అనుకోడు.) ముగ్గురి తరఫునా సంతకం పెట్టడానికి ఒక లీడ్ పార్ట్‌నర్ ఉండాలి. ఆ లీడ్‌కే మేం ముద్దుగా పెద్దన్న అని పేరు పెట్టుకున్నాం.

"నాకెందుకో భయంగా ఉందిరా" అని అక్క అప్పుడు అన్నది నిజమే. చిన్నవాళ్లంతా ఏకమైతే పెద్ద కంపెనీలు తోక ముడుస్తాయని నేను అన్నదీ నిజమే. కానీ నేను చెప్పింది ఐక్యత గురించి. ఇది జాయింట్ వెంచర్. రెండూ వేరు. ఇందులో నా తప్పేమీ లేదు.

ఫిబ్రవరి 9

అమ్మకు ఇంకా చెప్పలేదు. గోడ మీదుగా పక్కింటావిడతో అంటోంది: "ఇక మన వాళ్లలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా నేనే పిలుస్తాను."

"అదేం మాటండీ, యముడిలా!" అందావిడ.

ఇద్దరూ ఒకటే నవ్వు. నేను లోపలికి వచ్చేశాను.

ఫిబ్రవరి 12

అక్కా నేనూ పెద్దన్న ఆఫీసుకు వెళ్లాం. తెరలాయన మాకంటే ముందే వచ్చి సోఫా అంచు మీద కూర్చున్నాడు, ఎవరైనా లేవమంటారేమో అన్నట్టు.

"రా చెల్లెమ్మా. ఓహో, తమ్ముడు కూడానా! ఏసీ కాస్త పెంచండ్రా, వేడి మనిషి వచ్చాడు."

అక్క నవ్వలేదు. "అన్నయ్యా, గొంతు లేకపోతే అది మా మిషనే కాదు. మా కంటి ఆసుపత్రి పని చూపించే కదా టెండరు గెలిచాం."

"కాదన్నానా? నీ వల్లే గెలిచాం. ఆ గౌరవం నీకు ఎప్పటికీ ఉంటుంది. కానీ హాలుకు నాలుగు స్పీకర్లు, వాటికి వైర్లు, అవి చెడిపోతే చూసుకోవడానికో మనిషి. మనం వేసిన రేటుకి ఎక్కడ కుదురుతుంది చెప్పు? నేను రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ కొనేశాను. రోగికి నంబరు తెలియజేయాలన్నారు. తెర మీద తెలియజేస్తున్నాం."

"చదవలేనివాళ్లకి?"

"పక్కవాళ్లు చెబుతారమ్మా. మన జనం చాలా మంచివాళ్లు."

నేను లేచి నిలబడ్డాను. "మంచివాళ్లు కాబట్టే మీలాంటి దళారులు బతుకుతున్నారు!" అన్నాను. ఇంకా చాలా అన్నాను. బల్ల మీద గాజు గ్లాసు కింద పడి పగిలింది. నా చెయ్యి తగిలింది. తోయలేదు, తగిలింది.

పెద్దన్న నవ్వు మాత్రం చెదరలేదు. "చూశావా చెల్లెమ్మా, రక్తం ఉడికేవాళ్ల చేతికి సంతకం ఇవ్వకూడదనేది ఇందుకే. ఎవరు ఏ పని చేయాలో లీడ్ పార్ట్‌నర్ చెప్పాలని మనమే కదా రాసుకున్నాం. నీతో బలవంతంగా సంతకం పెట్టించానా?"

"అయితే మేం తప్పుకుంటాం" అంది అక్క.

"తప్పుకో. ఒకరు తప్పుకుంటే కాంట్రాక్టు రద్దు. రద్దయితే ముగ్గురమూ బ్లాక్‌లిస్టులోకి. నాదేముంది, ఇంకో పేరుతో ఇంకో కంపెనీ పెట్టుకుంటాను. నీకు మళ్లీ ఏ ప్రభుత్వ పనీ రాదు. నీ దగ్గర పనిచేసే పిల్లలు ఏమైపోతారమ్మా? వాళ్ల గురించి ఆలోచించు."

నిజంగా బాధపడుతున్నట్టే అన్నాడు.

తెరలాయన అప్పటికే కిందకు వంగి గాజు ముక్కలు ఏరుతున్నాడు. "మీరైనా ఒక్క మాట చెప్పండి" అన్నాను. తల ఎత్తలేదు. "నాకు తెరలు గోడకెక్కితే చాలు బాబూ. గోడౌన్లో పడుంటే నిద్ర పట్టదు."

మెట్లు దిగేటప్పుడు అక్క అంది: "నీ తరఫున సారీ చెప్పాను."

"ఎందుకు చెప్పావు?"

"గ్లాసు వాళ్లది కాబట్టి."

ఫిబ్రవరి 13

అక్క నాతో మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడటం లేదు. ఎవరు ముందు మాట్లాడతారో చూద్దాం.

ఫిబ్రవరి 14

నేనే మాట్లాడాను. ఉప్పు అందించమన్నాను. అది లెక్కలోకి రాదు.

ఫిబ్రవరి 16

'ప్రజారోగ్యం మీద కుట్ర' అని నాలుగు పేజీల ఫిర్యాదు రాసి ఆసుపత్రుల శాఖ ఆఫీసుకు పట్టుకెళ్లాను. అక్కకు చెప్పలేదు. కిటికీలో గుమాస్తా కళ్లజోడు సర్దుకుని నాలుగు పేజీలూ ఓపిగ్గా చదివాడు.

"బాగా రాశారు. మీరెవరు?"

"జాయింట్ వెంచర్లో ఒక పార్ట్‌నర్ తరఫున వచ్చాను."

"లీడా?"

"కాదు."

"మాకు జాయింట్ వెంచర్ అంటే లీడే బాబూ. మిగతావాళ్లు మాకు కనపడరు."

"నేను మీ ఎదురుగానే నిలబడ్డాను కదండీ!"

"మనిషిగా కనపడుతున్నారు. కాంట్రాక్టు పార్టీగా కనపడరు."

"మరి ఫిర్యాదు ఎలా ఇవ్వాలి?"

"లీడ్ పార్ట్‌నర్ సంతకంతో పట్టుకురండి. ఇప్పుడే ముద్ర వేసి తీసుకుంటాను."

"ఫిర్యాదే ఆయన మీద!"

"అర్థమైంది. అందుకే ఆయన సంతకం తప్పనిసరి."

వేళాకోళం చేస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. లేదు. కసురుకుని ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేవాణ్ని. మంచినీళ్లు ఇచ్చాడు. "ఎండలో వచ్చారు, కాసేపు కూర్చుని వెళ్లండి" అన్నాడు. కూర్చున్నాను. ఏం చేయను?

ఫిబ్రవరి 18

సైకిల్ షాపు వెనక గదిలో మా వాళ్లం కలిశాం. అంతా కరపత్రాలు చదివి ఒకటైనవాళ్లమే. మాలో వాక్యం అనే మిత్రుడున్నాడు. ఏం మాట్లాడినా అచ్చేసినట్టు మాట్లాడతాడని ఆ పేరు.

సంగతంతా చెప్పాను. వాక్యం కళ్లు మూసుకుని విన్నాడు. "ప్రశ్న స్పీకరు గురించి కాదు. ప్రశ్న వ్యవస్థ గురించి" అన్నాడు. అందరూ తలలు ఊపారు. నేనూ ఊపాను.

కరపత్రం వేద్దామని తీర్మానించాం. శీర్షికలో 'ధిక్కారం' ఉండాలా 'ప్రతిఘటన' ఉండాలా అన్న దగ్గర ఆగిపోయాం. రెండోసారి టీలు వచ్చినా తేలలేదు. చివరికి రెండూ పెట్టాం. "మరి ఆసుపత్రికి ఎప్పుడు వెళదాం?" అన్నాను. "ముందు అవగాహన" అన్నాడు వాక్యం.

అదీ నిజమే. ముందు అవగాహన కావాలి. దారి పొడుగునా అదే అనుకుంటూ వచ్చాను.

ఫిబ్రవరి 24

ఇవాళ పెద్దాసుపత్రి ఓపీ హాలులో ప్రారంభం. రిబ్బను కత్తిరించారు. పెద్దన్న అక్కను చెయ్యి పట్టుకుని తన పక్కకు లాక్కుని, "మా చెల్లెమ్మ అనుభవమే దీనికి పునాది" అన్నాడు. చప్పట్లు. ఫొటోలో అక్క నవ్వు పళ్ల డాక్టరు ముందు నోరు తెరిచినట్టు వచ్చుంటుంది.

నేను స్తంభం చాటున నిలబడి చూస్తున్నాను. అప్పుడు కనిపించింది అమ్మ.

ఎవరికీ చెప్పకుండా వచ్చింది. బయటికెళ్లే మంచి బట్టలు కట్టుకుంది. మూడో వరస బెంచీలో రోగుల మధ్య కూర్చుని, తల కాస్త పక్కకు వంచి వింటోంది. తెర మీద నలభై ఒకటి పోయి నలభై రెండు వచ్చింది. నలభై మూడు వచ్చింది. చడీచప్పుడూ లేదు. అమ్మ తల అలాగే వంచి ఉంది. నేను ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేకపోయాను.

పక్కనున్న ముసలావిడ తన చీటీ అమ్మ ముందు పెట్టింది. "నాది వచ్చిందా తల్లీ?"

అమ్మ చీటీ చూసింది, తెర చూసింది. ఆ నంబరు ఎప్పుడో దాటిపోయింది. ఇద్దరూ కౌంటరు దగ్గరకు వెళ్లారు. మళ్లీ చీటీ తీసుకుని వరస చివరికి వెళ్లమన్నారు. చివరికి వెళితే డాక్టరు లేచిపోయే వేళవుతుంది. "నన్నెవరూ పిలవలేదే" అంది ముసలావిడ, తనే ఏదో తప్పు చేసినట్టు.

ఇంటికి వచ్చాక అమ్మ మంచి బట్టలు మడతపెడుతూ నెమ్మదిగా అడిగింది.

"నూట పదకొండు సరిగా రాలేదనేనా?"

"కాదమ్మా."

"మరి?"

అంతా చెప్పాను. లీడు, టర్నోవరు, ఫేజ్ టూ, బ్లాక్‌లిస్టు. అమ్మ మడతలు పెడుతూనే వింది. "అయితే గొంతు బాగానే ఉందన్నమాట" అంది.

ఫిబ్రవరి 25

అక్క ఆఫీసు తెరవలేదు. నేనూ అడగలేదు.

ఫిబ్రవరి 27

పొద్దున లేచేసరికి అమ్మ లేదు. ఎక్కడుంటుందో ఎందుకో తెలిసిపోయింది. పరుగెత్తాను.

ఓపీ హాలులో బెంచీల ముందు నిలబడి, తెర వంక చూస్తూ పిలుస్తోంది. "యాభై ఏడు." ఎవరూ లేవలేదు. "యాభై ఏడూ!" లేవలేదు. అప్పుడు మెల్లగా, "యాభై ఏడు..." అంది. మూలనుంచి కాలికి కట్టున్న ఆయన లేచి నిలబడ్డాడు.

గార్డు వచ్చాడు. "అమ్మా, ఇక్కడ నిశ్శబ్దం పాటించాలి."

"నీ నంబరెంత నాయనా?"

"నాకు నంబరేంటండీ, నేను డ్యూటీలో ఉన్నాను."

"అయితే కాస్త పక్కకు జరుగు. తెర కనపడటం లేదు."

బెంచీలన్నీ నవ్వాయి. గార్డు జరిగాడు.

కానీ ఆ తెర ఆగదు. అమ్మ మూడోసారి పిలిచేలోపు ఇంకో రెండు నంబర్లు దాటేస్తుంది. దాటిపోయినవాళ్లను కౌంటరు దాకా తీసుకెళ్లి, "ఇప్పుడే వచ్చింది బాబూ, లోపలికి పంపు" అని బతిమాలాలి. ఆ బతిమాలేపని నేను చేశాను. పోట్లాడకుండా చేశాను. పదకొండు కాకముందే అమ్మ గొంతు పూర్తిగా పోయింది. చివర్లో వేళ్లతో చూపించింది.

బస్సులో నా చెవి దగ్గరకు వచ్చి గుసగుసగా అంది: "ఒక్క పూట కూడా ఆగలేదురా నా గొంతు. మీరు రికార్డు చేసింది అందుకే కదా."

మార్చి 1

అమ్మకు మాట రావడం లేదు. డాక్టరు మాట్లాడొద్దన్నాడు. ఆమె బదులు హాలుకు నేను వెళ్లాను.

నాది నినాదాలకు అలవాటుపడ్డ గొంతు. "పన్నెండు!" అనగానే ఒడిలో నిద్రపోతున్న పసిపిల్ల ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. వాళ్లమ్మ నా వైపు చూసి, "పిలుస్తున్నావా బాబూ, తిడుతున్నావా?" అంది.

పిలవడం కూడా నేర్చుకోవాలని ఏ కరపత్రంలోనూ చదవలేదు.

మార్చి 3

ఇవాళ ఎవరూ ఏడవలేదు. ఎవరి వరసా పోలేదు. పోలేదంటే, నేను చూసినంతలో.

మార్చి 5

పెద్దన్న శాఖ అధికారులను వెంటబెట్టుకుని హాలుకు వచ్చాడు. నన్ను చూసి మొహం చేటంత చేసుకుని భుజం మీద చెయ్యి వేశాడు. "చూశారా సార్, ప్రజల భాగస్వామ్యం! మా తమ్ముడే." ఫొటో తీశారు. చెయ్యి విదిలించబోయాను. సరిగ్గా అప్పుడే తెర మీద అంకె మారింది. ఏం చేయను, పిలిచాను.

సాయంత్రం అక్క వంటగది గుమ్మంలో నిలబడి చెప్పింది. పిలవడానికి మనుషులు ఎలాగూ ఉన్నారు కాబట్టి స్పీకర్లు అనవసరమని మీటింగులో తేల్చేశారట. ఫేజ్ టూ కూడా తీసేశారట.

"నేను పిలిచినందుకా?"

"నువ్వు బాగా పిలిచినందుకు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

మార్చి 6

వాక్యం చెప్పాడు: "ఆ వ్యవస్థకే ఊతమిచ్చావు. ఆపెయ్. జనానికి నొప్పి తెలిస్తేనే తిరగబడతారు." నేను నమ్మేదీ అదే.

హాలుకు వెళ్లాను. పిలవలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాను.

పిల్లాణ్ని భుజాన వేసుకున్న ఒకాయన దగ్గరకొచ్చాడు. నిన్నా వచ్చినవాడే. "ఇవాళ పిలవరా బాబూ?"

తల అడ్డంగా ఊపాను.

"గొంతు బాలేదా?"

బాలేదన్నట్టు ఊపాను.

గొంతు బాగానే ఉంది. ఆయన నంబరు వచ్చింది. నాకు కనపడింది. ఆయన పిల్లాడి నుదురు తడిమి చూస్తున్నాడు. అంకె పోయింది. తర్వాత కౌంటరు దగ్గర ఏదో అన్నారు, ఆయన తలూపి వరస చివరికి వెళ్లాడు. తిరగబడలేదు. గట్టిగా కూడా మాట్లాడలేదు. డాక్టరు లేచి వెళ్లిపోయాక, పిల్లాణ్ని అలాగే ఎత్తుకుని పోతూ పోతూ నా దగ్గర ఆగాడు.

"వేన్నీళ్లు తాగండి బాబూ. గొంతు సర్దుకుంటుంది."

మార్చి 7

పొద్దున్నుంచీ ఏమీ తోచలేదు. పిలిస్తే పెద్దన్న గెలుస్తాడు. పిలవకపోతే ఆ పిల్లాడు ఓడిపోతాడు. కరపత్రాలన్నీ కింద పరిచి చూశాను. దీనికి జవాబు ఎందులోనూ లేదు. లేదా ఉండి, నాకు అర్థం కాలేదు.

అక్క వచ్చి పక్కన కూర్చుంది. "నేను హాలుకు రాలేను. పార్ట్‌నరే అల్లరి చేస్తోందని రాసేస్తారు. తెలుసుగా?"

"తెలుసు."

కింద పరిచిన కరపత్రాలు దొంతర పెట్టింది. "నువ్వు ఎక్కడ నిలబడుతున్నావు?"

"తలుపు పక్కన."

"స్తంభం పక్కన నిలబడు. అక్కణ్నించి పిలిస్తే చివరి బెంచీ దాకా వినపడుతుంది. నేను మొదటి స్పీకరు పెట్టాలనుకున్నది అక్కడే."

అమ్మ గొంతు సగమే వచ్చింది. సగం గొంతుతోనే వస్తానంటోంది. మూడోసారి పిలవడానికి అంత చాలునట.

'ధిక్కారం - ప్రతిఘటన' కరపత్రాలు అచ్చయి వచ్చాయి. వెనక వైపు ఖాళీ. సైకిల్ షాపు గదికి, పక్కిళ్లకు, బస్టాపుకు, కుదిరితే ఆ గుమాస్తాకు కూడా ఇవ్వాలని ఆ ఖాళీ మీద చేత్తో రాస్తున్నాను. చిత్తు ఇక్కడ పెట్టుకుంటున్నాను:

పెద్దాసుపత్రి ఓపీ హాలులో తెర పిలవదు. మనమే పిలవాలి. మనం పిలిస్తే తప్పు చేసినవాడికే సుఖమని తెలుసు. పిలవకపోతే ఎవరి వరస పోతుందో అది కూడా చూశాను. దీనికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు, తెలిసినవాళ్లు వచ్చి చెప్పండి. గొంతున్నవాళ్లు రండి. గొంతు లేనివాళ్లు చెయ్యి పట్టుకుని కౌంటరు దాకా నడిపించడానికి రండి. గట్టిగా మాట్లాడటం రానివాళ్లు తప్పకుండా రండి, మూడోసారి పిలవాల్సింది మీరే. రేపు ఉదయం ఏడున్నరకు, స్తంభం దగ్గర.